పాత కార్ల ముందు సస్పెన్షన్ విడిభాగాల ఎంపిక

పాత కార్ల ముందు సస్పెన్షన్ విడిభాగాల ఎంపిక అనగా, చాలా సంవత్సరాలుగా వాడుకలో ఉన్న కారు ముందు చక్రాలను బాడీకి కలిపే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, ఆర్ములు, బుష్షులు, బాల్ జాయింట్లు మొదలైన భాగాలలో అరిగిపోయినవేవో గుర్తించి, వాటి స్థానంలో ఆ కారుకు సరిపడే భాగాలను నిర్ణయించుకొనుట. తయారీ నిలిచిపోయిన కార్ల విషయంలో ఈ ఎంపిక కొంత క్లిష్టమైనది. ఒకే భాగం నాలుగైదు పేర్లతో, నాలుగైదు ధరలతో దొరుకుతుంది. చూపులకు అన్నీ ఒకే విధంగా ఉంటాయి. కారు దిశను మార్చేవి, బ్రేకు వేసినప్పుడు అధిక భారాన్ని మోసేవి ముందు చక్రాలే గనుక ఇక్కడ జరిగే పొరపాటు ప్రయాణ సౌఖ్యంతో పాటు ప్రాణ రక్షణకు కూడా సంబంధించినది. ఈ వ్యాసంలో భారతదేశంలో అత్యధికంగా వాడబడిన చిన్న కార్లలో ఒకటైన మారుతి 800 ప్రధాన ఉదాహరణగా తీసుకొనబడినది.

సస్పెన్షన్ చేసే పని

సస్పెన్షన్‌కు మూడు విధులు ఉన్నాయి. మొదటిది కారు బరువును మోయుట. రెండవది రోడ్డుపై గుంతలు, మిట్టలు వచ్చినప్పుడు టైరు నేలను విడిచిపోకుండా చూచుట. మూడవది చక్రం నిర్ణీత కోణంలోనే నిలిచేటట్లు చేయుట. మొదటి పని స్ప్రింగుది, రెండవది స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి చేసేది, మూడవది ఆర్ములు, బుష్షులు, జాయింట్లది.

స్ప్రింగు హుక్ నియమాన్ని అనుసరిస్తుంది. భారం ఎంత పెరిగితే అంత నిష్పత్తిలో అది కుదించుకుపోతుంది. అయితే స్ప్రింగు గ్రహించిన శక్తిని తిరిగి ఇచ్చివేస్తుంది గనుక, స్ప్రింగు ఒక్కటే ఉంటే కారు ఒక గుంత దాటిన తరువాత చాలాసేపు పైకి కిందికి ఊగుతూనే ఉంటుంది. ఈ ఊగిసలాటను ఆపునది షాక్ అబ్జార్బర్. దీనినే మెకానిక్కులు షాకప్ అని పిలుస్తారు. దీనిలోని పిస్టన్ చిన్న రంధ్రాల ద్వారా నూనెను నెట్టినప్పుడు స్నిగ్ధత వలన చలన శక్తి ఉష్ణంగా మారుతుంది. కాబట్టి అదురును మోసేది స్ప్రింగు, ఊగుటను ఆపేది షాకప్. ఈ తేడా తెలిస్తే ఏ లక్షణానికి ఏ భాగం కారణమో ఊహించుట సులభం.

మెక్‌ఫెర్సన్ స్ట్రట్

షాక్ అబ్జార్బర్‌నే నిలువు స్తంభంగా చేసి, దాని చుట్టూ స్ప్రింగును అమర్చి, పై కొనను బాడీకి, కింది కొనను చక్రానికి బిగించే ఏర్పాటును మెక్‌ఫెర్సన్ స్ట్రట్ అంటారు. దీనికి అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ ఎస్. మెక్‌ఫెర్సన్ పేరు పెట్టబడింది. జనరల్ మోటార్స్ సంస్థలో పనిచేసిన కాలంలో ఆయన ఈ పద్ధతిని రూపొందించి, తరువాత ఫోర్డ్ సంస్థలో చేరాడు. 1950లో వెలువడిన బ్రిటిష్ ఫోర్డ్ కన్సల్, జెఫిర్ కార్లలో ఈ అమరిక ఉన్నది. భాగాలు తక్కువ, ఆక్రమించే చోటు తక్కువ కావడం వలన ఇంజను, గేరుపెట్టె ముందే ఉండి ముందు చక్రాలే నడిపే చిన్న కార్లకు ఇది అనుకూలమైంది.

మారుతి 800లో ముందు సస్పెన్షన్

హర్యానాలోని గుర్గావ్ కర్మాగారంలో తయారైన మారుతి 800 మొదటి కారు 1983 డిసెంబరు 14న కొనుగోలుదారునికి అందజేయబడింది. 1986లో దీని బాడీ పూర్తిగా మారింది. 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-4 ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చినప్పుడు హైదరాబాదుతో సహా 13 నగరాలలో దీని అమ్మకం నిలిచిపోయింది. 2014 జనవరిలో తయారీ కూడా ఆగిపోయింది. అప్పటికి 28 లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. అందువలన ఇప్పుడు రోడ్డుపై తిరిగే ప్రతి మారుతి 800 పదేళ్ళు దాటినదే.

దీని ముందు సస్పెన్షన్‌లో ప్రతి వైపు ఉండే ముఖ్య భాగాలు ఇవి.

* స్ట్రట్: షాక్ అబ్జార్బర్, కాయిల్ స్ప్రింగు కలిసిన స్తంభం.
* స్ట్రట్ మౌంటింగ్: స్ట్రట్ పై కొనను బాడీకి కలిపే రబ్బరు దిమ్మ, బేరింగు. స్టీరింగు తిప్పినప్పుడు స్ట్రట్ కూడా తిరుగుతుంది గనుక ఇక్కడ బేరింగు అవసరం.
* లోయర్ ఆర్మ్: చక్రం కింది భాగాన్ని బాడీకి కలిపే అడ్డ చేయి. లోపలి కొనకు రబ్బరు బుష్, బయటి కొనకు బాల్ జాయింట్ ఉంటాయి.
* స్టెబిలైజర్ బార్: రెండు వైపుల ఆర్ములను కలిపే వంపు తిరిగిన ఉక్కు కడ్డీ. మలుపులలో కారు ఒరగకుండా చూడటంతో పాటు, ఈ కారులో ఆర్మ్ ముందుకు వెనుకకు కదలకుండా ఆపేది కూడా ఇదే.
* బంప్ స్టాపర్, డస్ట్ కవరు: పెద్ద గుంతలో స్ట్రట్ పూర్తిగా మూసుకుపోకుండా ఆపే దిమ్మ, పిస్టన్ కడ్డీపై దుమ్ము చేరకుండా కాపాడే తొడుగు.

స్టీరింగు వ్యవస్థలోని టై రాడ్ ఎండ్ సస్పెన్షన్ భాగం కాకపోయినా, దానిని కూడా ఇదే సందర్భంలో పరీక్షించుట మంచిది.

అరుగుదల లక్షణాలు

లక్షణాన్ని బట్టి భాగాన్ని గుర్తించుట ఎంపికలో మొదటి మెట్టు. పాత కారులో శబ్దం రాగానే షాకప్‌లు మార్చివేయడం, శబ్దం మాత్రం అలాగే మిగిలిపోవడం తరచుగా జరిగే విషయం.

* గుంత దాటిన తరువాత కారు రెండు మూడు సార్లు ఊగుట, స్ట్రట్‌పై నూనె తడి, టైరు చుట్టూ అక్కడక్కడ గుంటలు పడినట్లు అరుగుట: షాక్ అబ్జార్బర్ బలహీనపడినది.
* బ్రేకు వేసినప్పుడు టక్కుమని ఒకే దెబ్బ వినబడుట, కారు ఒక పక్కకు లాగుట: స్టెబిలైజర్ బుష్షులు లేదా ఆర్మ్ బుష్ అరిగి ఉండవచ్చు. కడ్డీ వదులైతే బ్రేకు వేసినప్పుడు చక్రం వెనుకకు జరుగుతుంది.
* నిలిచి ఉన్న కారులో స్టీరింగు తిప్పినప్పుడు స్ప్రింగు మెలిపడి విడిచినట్లు ధ్వని, మలుపు తరువాత స్టీరింగు తనంతట తాను మధ్యకు రాకపోవుట: స్ట్రట్ మౌంటింగ్ బేరింగు పట్టివేసినది.
* చిన్న చిన్న గతుకులపై టకటక శబ్దం, స్టీరింగులో వదులు: బాల్ జాయింట్ లేదా టై రాడ్ ఎండ్.
* ఒక వైపు కారు దిగబడినట్లు కనిపించుట: స్ప్రింగు కుంగినది లేదా విరిగినది.

స్ప్రింగు విషయంలో ఒక అపోహ ఉన్నది. పాతబడిన స్ప్రింగు మెత్తబడుతుందని చాలామంది భావిస్తారు. స్ప్రింగు గట్టితనం ఉక్కు యొక్క స్థితిస్థాపకత మీద, దాని కొలతల మీద ఆధారపడుతుంది. ఇవి కాలంతో దాదాపు మారవు. మారేది దాని ఎత్తు. ఏళ్ళ తరబడి భారం మోయుట వలన తీగ కొద్దికొద్దిగా శాశ్వత విరూపణకు లోనై స్ప్రింగు పొట్టిదవుతుంది. కాబట్టి స్ప్రింగును చేతితో నొక్కి చూచి కాక, సమతలంపై నిలిపిన కారులో చక్రం మధ్య బిందువు నుండి మడ్‌గార్డు అంచు వరకు ఎత్తును రెండు వైపులా కొలిచి నిర్ణయించవలెను. తుప్పు పట్టిన స్ప్రింగు మరొక విషయం. తుప్పు గుంటల వద్ద పగులు మొదలై ఒకనాడు చుట్టు విరుగుతుంది, విరిగిన కొన టైరును కోయవచ్చు.

పరీక్షించే విధానం

కారు ఒక మూలను బలంగా కిందికి నొక్కి వదిలినప్పుడు అది పైకి లేచి, ఒకసారి కిందికి వచ్చి నిలవవలెను. అంతకు మించి ఊగితే షాకప్ పని అయిపోయినట్లే. అయితే ఈ పరీక్షలో నెగ్గిన షాకప్ మంచిదని చెప్పలేము. వేగంగా వెళ్ళేటప్పుడు అది విఫలం కావచ్చు.

జాకీతో చక్రాన్ని పైకి లేపి, బాడీ కింద గట్టి స్టాండు పెట్టిన తరువాత, గడియారంలో 12, 6 అంకెలు ఉండే స్థానాలలో టైరును పట్టుకొని ఊపి చూడవలెను. వదులు కనిపిస్తే మరొకరిని బ్రేకు తొక్కమనవలెను. అప్పుడు వదులు పోతే అది చక్రపు బేరింగుది. పోకపోతే బాల్ జాయింట్ లేదా స్ట్రట్‌ది. 3, 9 స్థానాలలో వదులు ఉంటే టై రాడ్ ఎండ్‌ను అనుమానించవలెను.

మెక్‌ఫెర్సన్ స్ట్రట్ కారులో బరువు స్ట్రట్ ద్వారా చక్రానికి చేరుతుంది; కింది బాల్ జాయింట్‌పై కారు బరువు పడదు. కాబట్టి చక్రం వేలాడుతున్నప్పుడే దానిని పరీక్షించవచ్చు. స్ప్రింగు లోయర్ ఆర్మ్‌పై కూర్చునే కార్లలో అయితే బాల్ జాయింటే బరువు మోస్తుంది. అక్కడ ఆర్మ్ కిందనే జాకీ పెట్టి జాయింట్‌పై భారం తొలగించాలి, లేకపోతే అరుగుదల బయటపడదు.

విడిభాగాల రకాలు

బజారులో దొరికే భాగాలను ఐదు రకాలుగా విభజించవచ్చు.

* కారు సంస్థ పేరుతో, దాని పెట్టెలో అమ్మబడే అసలు భాగాలు. ధర ఎక్కువ. పాత మోడళ్ళకు కొన్ని భాగాల సరఫరా ఆగిపోతుంది.
* కారు సంస్థలకు భాగాలు తయారుచేసి ఇచ్చే సంస్థలు తమ స్వంత పేరుతో అమ్మేవి. భారతదేశంలో షాక్ అబ్జార్బర్లకు గాబ్రియల్ ఇండియా, ముంజాల్ షోవా, స్టీరింగు, బాల్ జాయింట్లకు రాణే మద్రాస్ ఇటువంటి సంస్థలు. పాత కారు యజమానికి నాణ్యత, ధరల మధ్య సమతూకం సాధారణంగా ఇక్కడే దొరుకుతుంది.
* కారు సంస్థలతో సంబంధం లేని తయారీదారుల భాగాలు. వీటిలో మంచివి, నాసివి రెండూ ఉంటాయి.
* తిరిగి బాగుచేసినవి. షాకప్‌ను కోసి, నూనె, సీలు మార్చి, వెల్డింగు చేసి అమ్ముతారు. లోపలి కవాటాలు, అరిగిన కడ్డీ పాతవే గనుక ఇవి ఎక్కువ కాలం నిలవవు.
* విప్పిన కార్ల నుండి తీసినవి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఇటువంటి భాగాలు దొరుకుతాయి. సికింద్రాబాదు రాణిగంజ్ కొత్త విడిభాగాల దుకాణాలకు పేరు పొందినది. పాత కారు నుండి తీసిన లోహ భాగాలు, ఉదాహరణకు వంగని స్టెబిలైజర్ బార్, వాడుకోవచ్చు. రబ్బరు, జాయింటు, షాకప్ ఉన్న భాగాలను మాత్రం పాతవి తీసుకోరాదు.

నకిలీ భాగాలు వీటన్నిటికీ వేరు. పేరుపొందిన సంస్థ పెట్టెను అనుకరించి అమ్ముతారు. ముద్రణలో మసక, అక్షర దోషాలు, భాగంపై చెక్కిన సంఖ్యకు పెట్టెపై సంఖ్యకు పొంతన లేకపోవుట, బిల్లు ఇవ్వడానికి నిరాకరించుట వీటి గుర్తులు. బాల్ జాయింట్ విషయంలో నకిలీ అత్యంత ప్రమాదకరం. దాని గుండు సాకెట్టు నుండి ఊడితే చక్రం పక్కకు మడతపడి స్టీరింగు పూర్తిగా చేజారిపోతుంది. కొన్ని వందల రూపాయల ఆదాకు ఇంతటి ప్రమాదాన్ని కొనితెచ్చుకొనుట వివేకం కాదు.

ఎంపికలో పాటించవలసిన సూత్రాలు

ఛాసిస్ నంబరు ఆధారం: ఒకే పేరుగల కారులో సంవత్సరాన్ని బట్టి, రకాన్ని బట్టి భాగాలు మారుతాయి. 1986కు ముందరి మారుతి 800 భాగాలు, తరువాతి దాని భాగాలు ఒకటేనని భావించరాదు. ఎయిర్ కండిషనర్ ఉన్న కారు ముందు భాగం బరువు ఎక్కువ కావున కొన్ని కార్లలో దానికి వేరే స్ప్రింగు ఉంటుంది. అందుచేత ఛాసిస్ నంబరు చెప్పి విడిభాగ సంఖ్యను తెలుసుకొని, విప్పిన పాత భాగాన్ని పక్కన పెట్టి పోల్చుకొనుట ఉత్తమం.

జతగా మార్చుట: షాకప్‌లను, స్ప్రింగులను ముందు రెండు వైపులా ఒకేసారి మార్చవలెను. ఒక వైపు కొత్తది, మరొక వైపు పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు, మలుపులో కారు రెండు వైపులా ఒకే విధంగా స్పందించదు. బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్ మాత్రం అరిగిన వైపుదే మార్చవచ్చు.

స్ప్రింగు గట్టితనం: కాయిల్ స్ప్రింగు గట్టితనం తీగ వ్యాసం యొక్క నాలుగవ ఘాతానికి అనులోమానుపాతంలోను, చుట్ల సంఖ్యకు విలోమానుపాతంలోను ఉంటుంది. తీగ 10 శాతం లావైతే గట్టితనం 46 శాతం పెరుగుతుంది. చూపులకు ఒకేలా ఉన్న రెండు స్ప్రింగులు ఎంత భిన్నంగా ప్రవర్తిస్తాయో దీనిని బట్టి గ్రహించవచ్చు. అందమైన రూపం కోసం స్ప్రింగును కోసి కారును కిందికి దించుట కూడా ఇదే కారణంగా హానికరం. పనిచేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒకటి కోస్తే గట్టితనం 20 శాతం పెరుగుతుంది, కోసిన కొన తన పీఠంలో సరిగా కూర్చోదు. కుంగిన స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు దిమ్మలు దూర్చడం మరొక అలవాటు. దీనివలన ఎత్తు పెరిగినట్లు కనిపించినా, ఆ చుట్లు పనిచేయక మిగిలిన చుట్లపై ఒత్తిడి పెరుగుతుంది.

షాకప్ రకం: నూనె మాత్రమే ఉన్నవి, నూనెతో పాటు తక్కువ పీడనంలో నైట్రోజన్ వాయువు నింపినవి అని రెండు రకాలు. ఎడతెరపి లేని గతుకులపై నూనె నురుగు కట్టి పట్టు తప్పుతుంది. వాయువు పీడనం దీనిని తగ్గిస్తుంది. ఏ రకం తీసుకున్నా స్ప్రింగుకు సరిపోయేది కావలెను. మూల స్ప్రింగును ఉంచి పందెపు కార్ల కోసం చేసిన గట్టి షాకప్ బిగిస్తే కారు గతుకులపై కుదుపుతుంది, టైరు పట్టు పెరగదు.

బుష్ పదార్థం: మూల బుష్షులు రబ్బరువి. రబ్బరు జారదు, మెలిపడుతుంది. అందువలన దానికి గ్రీజు అవసరం లేదు, పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి చెడిపోతుంది. పాలియురిథేన్ బుష్షులు ఎక్కువ కాలం మన్నుతాయి గాని, గట్టివి కావడం వలన రోడ్డు అదురును బాడీలోనికి పంపుతాయి, గ్రీజు లేకపోతే కీచుమంటాయి. రోజువారీ ప్రయాణానికి మంచి రబ్బరు బుష్షే తగినది. రబ్బరు వాడకపోయినా ఎండ, ఓజోన్ వలన గట్టిపడుతుంది గనుక, దుకాణంలో ఏళ్ళ తరబడి నిలువ ఉన్న దానిని కొనరాదు. గోటితో నొక్కినప్పుడు సన్నని పగుళ్ళు కనిపిస్తే వదిలివేయవలెను.

ఏది ముందు, ఏది తరువాత

పాత కారుపై పెట్టే ఖర్చు పరిమితమైనప్పుడు వరుసక్రమం ముఖ్యం. ఊడితే ప్రాణాపాయం కలిగించే బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్ మొదటి స్థానంలో ఉంటాయి. వీటికి వాయిదా లేదు. చక్రం కోణాన్ని నిలిపే ఆర్మ్ బుష్షులు, స్టెబిలైజర్ బుష్షులు రెండవ స్థానంలో ఉంటాయి. ధర తక్కువ, ఫలితం ఎక్కువ. షాకప్‌లు మూడవవి. స్ప్రింగులు కుంగకుండా, తుప్పు పట్టకుండా ఉంటే వాటిని మార్చవలసిన పనిలేదు. అయితే స్ట్రట్‌ను విప్పినప్పుడు మౌంటింగ్, బంప్ స్టాపర్, డస్ట్ కవరు కూడా మార్చుట పొదుపు. వీటి కోసం మళ్ళీ అదే కూలి చెల్లించవలసి వస్తుంది.

వీటన్నిటికంటే ముందు చూడవలసినది బాడీ. స్ట్రట్ పై కొన బిగించే చోట, ఆర్మ్ బిగించే చోట రేకు తుప్పు పట్టి చిల్లులు పడితే ఎంత మంచి భాగం బిగించినా ప్రయోజనం లేదు. అటువంటి కారుకు సస్పెన్షన్ భాగాలు కొనే ముందు రేకు పని సాధ్యమా కాదా అని తేల్చుకోవలెను.

బిగింపులో జాగ్రత్తలు

మంచి భాగాన్ని ఎంచుకున్నా బిగింపు సరిగా లేకపోతే అది త్వరగా పాడవుతుంది. స్ట్రట్‌లోని స్ప్రింగును తీయడానికి స్ప్రింగు కంప్రెసర్ అనే పరికరం తప్పనిసరి. ఉదాహరణకు 200 కిలోగ్రాముల భారంతో 15 సెంటీమీటర్లు కుదించబడిన స్ప్రింగులో నిలువ ఉన్న శక్తి, 15 కిలోగ్రాముల రాయి ఒక మీటరు ఎత్తు నుండి పడినప్పటి శక్తితో సమానం. తాళ్ళతో, తీగలతో కట్టి విప్పుట ప్రాణాంతకం.

రబ్బరు బుష్ ఉన్న ఆర్మ్ బోల్టును చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడు పూర్తిగా బిగించరాదు. అలా బిగిస్తే కారును నేలపై దించగానే రబ్బరు శాశ్వతంగా మెలిపడి కొద్ది నెలలలోనే చిరుగుతుంది. చక్రంపై బరువు పడిన తరువాతనే చివరి బిగింపు చేయవలెను. ఒకసారి విప్పిన స్ప్లిట్ పిన్నులను, తమంతట తాము పట్టివేసే నట్లను తిరిగి వాడరాదు.

చివరగా వీల్ అలైన్‌మెంట్ చేయించవలెను. మెక్‌ఫెర్సన్ స్ట్రట్ ఉన్న అనేక చిన్న కార్లలో టో కోణం మాత్రమే సర్దుబాటుకు వీలవుతుంది. క్యాంబర్ కోణానికి సర్దుబాటు ఉండదు. కాబట్టి క్యాంబర్ తేడా వస్తే ఏదో ఒక భాగం వంగినదని గాని, అరిగినదని గాని అర్థం. కొన్ని చోట్ల స్ట్రట్‌ను బలవంతంగా వంచి కోణం సరిచేస్తారు. దానివలన కాగితంపై అంకె సరిపడుతుంది గాని కారణం అలాగే ఉండిపోతుంది.

ఇతర పాత కార్లు

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 వరకు తయారైన హిందుస్తాన్ అంబాసిడర్ మూలం బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్. దీని ముందు సస్పెన్షన్‌లో కాయిల్ స్ప్రింగులకు బదులు టార్షన్ బార్లు, అనగా మెలిపడే ఉక్కు కడ్డీలు ఉంటాయి. తయారీలోనే ఒక దిశలో మెలి తిప్పి ఉంచుతారు గనుక కుడి, ఎడమ కడ్డీలను తారుమారు చేయరాదు. ప్రీమియర్ పద్మిని ఫియట్ 1100 నుండి వచ్చినది. దీనిలో విష్‌బోన్ ఆర్ములు, కాయిల్ స్ప్రింగులు వాడారు. ఈ తరం కార్లలో గ్రీజు పెట్టవలసిన జాయింట్లు ఎక్కువ. గ్రీజు నిప్పిల్ మూసుకుపోయి ఎండిన జాయింటే చాలా సందర్భాలలో అకాల అరుగుదలకు కారణం. కాబట్టి వీటిలో భాగాలు మార్చే ముందు నిప్పిళ్ళను శుభ్రపరచి గ్రీజు పట్టించి, తిరిగి పరీక్షించుట సముచితం.

చట్టపరమైన అంశాలు

స్వంత వాడకపు కారు రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలకు చెల్లుతుంది. ఆ తరువాత వాహనాన్ని తనిఖీ చేయించి ఐదేళ్ళ చొప్పున పునరుద్ధరించుకోవలసి ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చుటను నిషేధిస్తున్నది. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. అరిగిన భాగం స్థానంలో అదే కొలతల భాగం బిగించుట మరమ్మతు మాత్రమే. కారు ఎత్తును, నిర్మాణాన్ని మార్చే మార్పులు దీని పరిధిలోకి రావు.

ఇవి కూడా చూడండి

* మారుతి 800
* హిందుస్తాన్ అంబాసిడర్
* హుక్ నియమం
* స్థితిస్థాపకత